పాడేవారి గొంతు సమస్యలను తొలిదశలోనే పసిగట్టడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పాట నేర్చుకునేవాళ్లు, నేర్పేవాళ్లు, వేదికల మీద పాడేవాళ్లు గొంతు గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. నేను సంగీతం నేర్పే మనిషిని, డాక్టర్‌ని కాదు. ఏ మందు వాడాలో, ఏ చికిత్స చేయించుకోవాలో ఇక్కడ చూసి నిర్ణయించుకోవద్దు. డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలన్నది మాత్రం మీరే పసిగట్టాలి. ఎందుకంటే తేడా మొదట తెలిసేది మీకే.

గొంతు బొంగురుపోకముందే సమస్య మొదలైందని తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. అసలు మాట బొంగురుపోయేదాకా ఆగితే అప్పటికే ఆలస్యమైనట్టు. తొలిదశలో మాట్లాడే గొంతు మామూలుగానే ఉంటుంది. ఫోన్‌లో విన్నవాళ్లెవరూ తేడా పట్టలేరు. పాడేటప్పుడు మాత్రం ఎందుకో మునుపటంత తేలిగ్గా రావడం లేదనిపిస్తుంది. చాలామంది ఆ అనుమానాన్ని బద్ధకమనో, సాధన తగ్గిందనో కొట్టిపారేసి ఇంకో గంట ఎక్కువ పాడతారు. గొంతు లోపల వాపు పెరిగేది అక్కడే.

గమనించాల్సిన మార్పులు ఇలా ఉంటాయి. తారస్థాయిలో సన్నగా, మెల్లగా పట్టే స్వరం రాదు, గట్టిగా పడితేనే వస్తుంది. స్వరం ఎత్తుకోగానే నాదం పలకదు, ముందు కాస్త గాలి వచ్చి ఆ తర్వాత పలుకుతుంది. పది నిమిషాల్లో దారికొచ్చే గొంతుకు అరగంట వార్మప్ కావాల్సి వస్తుంది. ఒక్క ఊపిరిలో పాడే పంక్తికి మధ్యలో గాలి తీసుకోవాల్సి వస్తుంది. ఎక్కువగా పాడిన రోజు తర్వాత మర్నాటికే తేరుకునే గొంతు మూడో రోజుకు గానీ తేరుకోదు. నిన్న పలికిన సంగతి ఇవాళ పలకదు, రేపు మళ్లీ పలుకుతుంది. ఈ నిలకడ లేకపోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి. చెవి బాగున్న గాయకుడు ఒకటి రెండు చోట్ల శృతి తప్పడం కూడా కొన్నిసార్లు గొంతు సమస్యే. చెవికి వినిపిస్తూనే ఉంటుంది, గొంతు అక్కడిదాకా వెళ్లదు.

ఎప్పుడో ఒకరోజు ఇందులో ఏదో ఒకటి ఎవరికైనా జరుగుతుంది, దానికి టెన్షన్ పడక్కర్లేదు. రెండు మూడు కలిసి కనిపిస్తున్నా, ఒకటే వారం పాటు వదలకపోయినా ఆలోచించాలి.

గట్టిగా పాడితే బాగానే వస్తోంది. మెల్లగా పాడితేనే రావడం లేదు. ఎందుకలా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

స్వరపేటికలో రెండు స్వరతంత్రులుంటాయి. పేరు తంత్రులే అయినా అవి తీగలు కావు, ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవుండే మెత్తటి మడతలు. లోపల కండరం, దాని మీద జిగురులాంటి మెత్తటి పొర, ఆ పైన పల్చటి చర్మం. ఊపిరితిత్తుల నుంచి వచ్చే గాలికి ఈ మడతల అంచులు కలుస్తూ విడిపోతూ ఉంటేనే నాదం పుడుతుంది. మామూలు మాటల్లో మగవాళ్లకు సెకనుకు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్లకు దాదాపు 200 సార్లు అవి తాకుతాయి. వాద్యాలు శృతి చేసుకునే 440 హెర్ట్‌జ్ స్వరాన్ని ఒక్క నిమిషం నిలిపితే 26,400 సార్లు తాకినట్టు.

అన్నిసార్లు ఒరుసుకుంటే అంచు మధ్యభాగంలో కాస్త వాపు రావడం సహజం. పై స్వరం పాడాలంటే తంత్రులు సాగి సన్నబడాలి, అంచులు సూటిగా కలవాలి. మధ్యలో వాపుంటే తలుపు రెక్కల మధ్య గుడ్డపీలిక ఇరుక్కున్నట్టే, వాపు ఉన్నచోట అంచులు ముందే ఆనుకుని, దానికి అటూ ఇటూ సందు మిగిలిపోతుంది. ఆ సందులోంచి గాలి కారిపోతుంది. మెల్లగా పాడేటప్పుడు గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి వాపు ఉన్న అంచును అది కదిలించలేదు, స్వరం ఆగిపోతుంది. గట్టిగా పాడితే ఒత్తిడి పెరిగి తంత్రులను బలవంతంగా కదిలిస్తుంది, స్వరం పలుకుతుంది.

సమస్య పోయిందని మనం సంబరపడతాం. అది పోలేదు, ఒత్తిడి చాటున దాక్కుంది. పైగా ఆ ఒత్తిడికి వాపు ఇంకొంచెం పెరుగుతుంది. గట్టిగా పాడి గొంతును పరీక్షించుకునేవాళ్లకు అది చాలాకాలం అంతా బాగుందనే చెబుతుంది.

ఇంట్లోనే రోజూ చేసుకోగల పరీక్ష ఏమైనా ఉందా?

ఉంది. పరికరాలు అక్కర్లేదు. తంత్రుల వాపును తేలికపాటి పాటతో పట్టుకునే పద్ధతిని అమెరికాకు చెందిన గొంతు వైద్యుడు రాబర్ట్ బాస్టియన్, ఆయన సహచరులు 1990లో ప్రచురించారు. దాన్ని మన స్వరాల్లో ఇలా చేసుకోవచ్చు.

మొదటిది. మీకు బాగా తెలిసిన చిన్న పంక్తి ఒకటి ఎంచుకోండి, నాలుగైదు సెకన్లలో అయిపోవాలి. పక్క గదిలో పసిపాప నిద్రపోతోందనుకుని, అంత మెల్లగా, నాదంతోనే పాడండి. గుసగుసలాడొద్దు. తర్వాత అరస్వరం పెంచి అదే పంక్తి, అంతే మెల్లగా. ఇలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ వెళ్లండి. ఒకచోట నాదం ఆగుతుంది, లేదా గాలి ముందొస్తుంది, లేదా గొంతు పెంచితే గానీ పలకదు. అదే మీ ఆ రోజు కప్పు, అంటే మెల్లగా పాడగలిగే పై హద్దు. పియానో యాప్‌లో ఆ స్వరం ఏదో చూసి రాసుకోండి.

రెండోది. ప, మ, గ, రి, స అని దిగుతూ, ఒక్కో స్వరాన్ని తుంచినట్టు విడివిడిగా పలకండి. ఇదీ మెల్లగానే. మెట్టు మెట్టుగా పైకి తీసుకెళ్లండి. ప్రతి స్వరం మొదలూ శుభ్రంగా ఉండాలి. ‘హ’ తగిలినట్టు గాలితో మొదలైందంటే అక్కడ ఆగి రాసుకోండి.

మగవాళ్లు దీన్ని ఫాల్సెటోలో, అంటే పాటలో మామూలుగా వాడని ఆ పల్చటి పై గొంతులో చేయాలి. వినడానికి బాగుండదని చాలామంది మానేస్తారు. బాగుండాల్సిన పని లేదు, ఎవరికీ వినిపించక్కర్లేదు.

ఒకే రోజు ఫలితంతో తేలేదేమీ లేదు. ముందు రెండు వారాలు, గొంతు ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో, పొద్దున కాస్త గొంతు విప్పాక ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి చేసి మీ మామూలు కప్పు ఎక్కడుందో తెలుసుకోండి. పక్కవాళ్లతో పోల్చుకోవద్దు. ఆ తర్వాత కప్పు రెండు మూడు అరస్వరాలు దిగిందంటే వాపు ఉందని అనుమానించాలి. ఎక్కువగా పాడిన రాత్రి దిగి, మర్నాడు పొద్దున్నే తిరిగి ఎక్కితే అది మామూలు అలసటే. రెండు రోజులైనా ఎక్కకపోతే పాడే సమయం సగానికి తగ్గించండి, పై స్థాయి పాటలు పక్కన పెట్టండి. రెండు వారాలైనా అక్కడే ఉంటే చూపించుకోండి.

జలుబు, అలర్జీ, నిద్రలేమి కూడా ఈ కప్పును దింపుతాయి. ఈ పరీక్షతో ఏదో తేడా ఉందని తెలుస్తుంది, ఆ తేడా ఏమిటో తెలియదు.

నొప్పి లేదు కదా, అయినా చూపించుకోవాలా?

నొప్పి లేకపోవడం ధైర్యం ఇచ్చే విషయం కాదు. తంత్రుల అంచు మీద బుడిపె ఉన్నా చాలామందికి నొప్పి ఉండదు. పాడాక మెడ, దవడ, నాలుక అడుగు నొప్పి పెడుతుంటే అది ఎక్కువగా కండరాల బిగింపు. తంత్రులు సరిగా కలవనప్పుడు చుట్టూ ఉన్న కండరాలు సాయం చేయబోయి బిగుసుకుంటాయి. అందుకే ఆ నొప్పికి మూలం కూడా ఒక్కోసారి తంత్రుల్లోనే ఉంటుంది.

జలుబు చేసి గొంతు పోయింది. తగ్గిపోతుందిలే అనుకోవచ్చా?

చాలావరకు తగ్గిపోతుంది. జలుబుతో వచ్చే స్వరపేటిక వాపు సాధారణంగా వారం, రెండు వారాల్లో సర్దుకుంటుంది. ఆ వారంలో మనం చేసే పనితోనే ముప్పు. వాచిన తంత్రులతో బలవంతంగా పాడితే, జలుబు తగ్గినా గొంతు తగ్గదు. పాడేవాళ్ల చరిత్ర అడిగితే ‘ఆ జలుబుతోనే పాడాను, అప్పటి నుంచీ ఇలాగే ఉంది’ అనే మాట తరచుగా వినిపిస్తుంది.

పాడుతుండగా ఒక్కసారిగా గొంతు పోయింది. ఏం చేయాలి?

పాడడం వెంటనే ఆపేయండి. ఆ పాట పూర్తి చేయాలని కూడా చూడొద్దు.

అరిచినప్పుడో, గట్టిగా దగ్గినప్పుడో, పై స్వరం బలంగా పట్టినప్పుడో ఉన్నట్టుండి గొంతు మారిపోతే, తంత్రిలోని సన్నటి రక్తనాళం చిట్లి ఉండొచ్చు. నొప్పి ఉండకపోవచ్చు, ఉమ్మిలో రక్తమూ కనిపించదు, ఎందుకంటే రక్తం పొర లోపలే చేరుతుంది. పూర్తిగా మౌనంగా ఉండి, వీలైతే అదే రోజు, లేదంటే మర్నాడు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. మౌనంగా ఉంటే ఆ రక్తం చాలామందిలో కొన్ని రోజుల్లో, వారాల్లో ఇంకిపోతుంది. దాని మీదే పాడితే పాలిప్‌గానో (తంత్రి మీద వచ్చే మెత్తటి బుడిపె) మచ్చగానో మిగిలిపోయే ప్రమాదం ఉంది. గాయని అడెల్ 2011లో ఇలాంటి రక్తస్రావంతోనే కార్యక్రమాలు రద్దు చేసుకుని, ఆ ఏడాది నవంబరులో శస్త్రచికిత్స చేయించుకున్నారు. మళ్లీ పాడారు కూడా.

నాడ్యూల్స్, పాలిప్, సిస్ట్ ఒకటేనా?

కాదు, చికిత్సలూ వేరు. నాడ్యూల్స్ రెండు తంత్రుల మీదా ఎదురెదురుగా, ఎక్కువ ఒరుసుకునే చోట వస్తాయి. ఎక్కువ వాడకంతో అరచేతిలో కాయ కాసినట్టే ఇదీను. మొదట మెత్తగా ఉంటాయి, పట్టించుకోకపోతే గట్టిపడతాయి. వీటికి మొదటి చికిత్స ఆపరేషన్ కాదు, వాయిస్ థెరపీ, అంటే గొంతును సరిగా వాడడం నేర్పే చికిత్స. మెత్తగా ఉండగానే పట్టుకుంటే అలవాట్లు మార్చుకోవడంతోనే చాలామందికి తగ్గుతాయి. పాలిప్ ఎక్కువగా ఒకవైపే వస్తుంది, ఒక్కసారి గట్టిగా అరిచినా రావచ్చు. సిస్ట్ పొర లోపల ఉండే చిన్న సంచి, థెరపీతో అది కరగదు. పైకి మూడూ ఒకేలా వినిపిస్తాయి. అందుకే గొంతు విని ‘నీకు నాడ్యూల్స్ వచ్చాయి’ అని తేల్చేవాళ్ల మాట నమ్మొద్దు, చెప్పింది ఎంత పెద్ద విద్వాంసులైనా సరే.

ఎన్నాళ్లు ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

అమెరికాలోని ఈఎన్‌టీ వైద్యుల అకాడమీ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, బొంగురు మూడు నెలల్లో తగ్గకపోతే స్వరపేటికను చూడాలని చెప్పింది. 2018లో ఆ గడువును నాలుగు వారాలకు కుదించింది. గొంతే వృత్తిగా ఉన్నవాళ్ల విషయంలో అంతకంటే ముందే చూడాలన్నది కూడా అందులో ఉంది. నా మటుకు పాడేవాళ్లకు రెండు వారాలే ఎక్కువ అంటాను.

అసలు ఆగకూడనివీ ఉన్నాయి. ఊపిరి ఆడకపోవడం, మింగడం కష్టం కావడం, మెడలో గడ్డ, దగ్గితే రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఒకవైపు వదలని చెవినొప్పి, మెడకో ఛాతీకో ఆపరేషన్ అయ్యాక గొంతు మారడం. పొగతాగేవాళ్లలో వచ్చిన బొంగురును కూడా ‘పాడడం వల్లే’ అని వదిలేయకూడదు.

అక్కడ ఏం పరీక్ష చేస్తారు?

సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి గానీ నోట్లోంచి గానీ పంపి స్వరపేటికను చూస్తారు. పాడేవాళ్లకు మామూలు వెలుతురుతో చూస్తే సరిపోదు, స్ట్రోబోస్కోపీ కావాలి. తంత్రులు సెకనుకు వందల సార్లు కదులుతుంటే కంటికి ఏమీ ఆనదు. ఆ వేగానికి కాస్త తేడాగా వెలుగును మెరిపిస్తే, కదలిక నెమ్మదిగా జరుగుతున్నట్టు కనిపిస్తుంది. అంచు ఎక్కడ కలవడం లేదో, ఏ భాగం బిగుసుకుపోయి అలలా కదలడం లేదో అప్పుడు తెలుస్తుంది. మీకు ఇబ్బందిగా ఉన్న స్వరం దగ్గరే మెల్లగా పాడి చూపించండి. ఇబ్బంది లేని చోట ‘ఈ’ అని వచ్చేస్తే చిన్న వాపు దొరక్కపోవచ్చు.

ఈ పరీక్షకు పునాది వేసింది ఒక సంగీతం మాస్టారు. మాన్యుయెల్ గార్సియా 1854లో దంతవైద్యుల అద్దాన్ని గొంతులో పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండను అందులోకి మళ్లించి, పాడుతున్న తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. మర్నాటి ఏడాది లండన్ రాయల్ సొసైటీకి ఆ పరిశీలనలు సమర్పించాడు. పాఠం చెప్పే మనిషికి గొంతు లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలనే తపన ఉండడం నాకెంతో గౌరవంగా తోస్తుంది.

వీలుంటే, గొంతు బాగున్నప్పుడే ఒకసారి స్ట్రోబోస్కోపీ చేయించుకుని ఆ వీడియో దాచుకోండి. తర్వాతెప్పుడైనా సమస్య వస్తే కొత్తగా వచ్చినదేదో, ముందు నుంచీ ఉన్నదేదో డాక్టర్‌కు తేలిగ్గా తెలుస్తుంది.

గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి దొరుకుతుందా?

చాలామందికి దొరకదు. గుసగుసలాడేటప్పుడు స్వరపేటిక పైభాగం బిగుసుకునేవాళ్లే ఎక్కువ. విశ్రాంతి కావాలంటే మాట్లాడకండి, మాట్లాడక తప్పకపోతే మెత్తగా, తక్కువ మాటల్లో మాట్లాడండి. వారాల తరబడి మౌనవ్రతం కూడా సొంతంగా పెట్టుకోవద్దు. రక్తస్రావానికీ, ఆపరేషన్ తర్వాతా పూర్తి మౌనం అవసరం, మిగతా చాలా సందర్భాల్లో వాడకం తగ్గించడం చాలు.

నీళ్లు, ఆవిరి, గొంతు బిళ్లలు పనిచేస్తాయా?

తాగిన నీళ్లు తంత్రులను తాకవు. తాకితే పొలమారుతుంది. నీళ్లు ఒంట్లోకి ఇంకి అక్కడిదాకా చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి వేదిక ఎక్కేముందు గటగటా తాగితే లాభం లేదు, రోజంతా తాగుతూ ఉండాలి. ఆవిరి మాత్రం నేరుగా తగులుతుంది, కాసేపు హాయిగా ఉంటుంది. మొద్దుబార్చే బిళ్లలు, స్ప్రేలు వేసుకుని పాడకండి. గొంతు వద్దంటున్నా మీకు వినిపించకుండా చేస్తాయవి.

మందుల వల్ల గొంతు మారుతుందా?

కొన్నిటి వల్ల మారుతుంది. అలర్జీ మాత్రలు కొన్ని గొంతును పొడిబారుస్తాయి. ఆస్తమాకు వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వల్ల బొంగురు రావచ్చు, పీల్చాక నోరు పుక్కిలించాలి. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటివి రక్తం గడ్డకట్టడాన్ని తగ్గిస్తాయి, కచేరీల రోజుల్లో తలనొప్పికి వేసుకునే ముందు డాక్టర్‌ను అడగండి. గుండెకోసం రాసిచ్చిన ఆస్పిరిన్‌ను మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. పురుష హార్మోన్ లక్షణాలున్న మందులతో ఆడవాళ్ల గొంతు బొంగురెక్కితే పాత గొంతు తిరిగి రాకపోవచ్చు. అలాంటివి రాసేముందే ‘నేను పాడతాను’ అని చెప్పాలి.

రోజుకు గంటే పాడతాను. అయినా ఇలా ఎందుకైంది?

మిగతా గంటల్లో ఎంత మాట్లాడుతున్నారు? క్లాసులో, ఆఫీసులో, ఫోన్‌లో, రద్దీలో? పాడిన గంట గుర్తుంటుంది, మాట్లాడిన పది గంటలు గుర్తుండవు. చుట్టూ చప్పుడు పెరిగితే మన గొంతు మనకు తెలియకుండానే పెరుగుతుంది. దీన్ని లాంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. వేదిక మీది మానిటర్ స్పీకర్‌లో తన గొంతు తనకు వినపడని గాయకుడు అరిచి పాడేది అందుకే. చాలాసార్లు పాట తప్పేమీ ఉండదు, కచేరీ అయ్యాక ఆ సందడిలో అందరితో గంటసేపు కబుర్లు చెప్పడంలో ఉంటుంది.

అస్తమానం గొంతు సవరించుకునే అలవాటూ అంతే. ప్రతిసారీ తంత్రులు గట్టిగా కొట్టుకుంటాయి. ఓ గుటక నీళ్లు తాగండి, లేదా ఊరికే మింగండి.

నెలసరి ముందు గొంతు బరువెక్కుతుంది. ఇది సమస్యేనా?

కొందరు ఆడవాళ్లకు ఆ రోజుల్లో తంత్రుల్లో నీరు చేరి పై స్వరాలు కష్టమవుతాయి. అది దానంతటదే తగ్గుతుంది. మీ పుస్తకంలో తేదీతో సహా రాసుకుంటే, నెలనెలా వచ్చేదేదో కొత్తగా వచ్చిందేదో విడిగా తెలుస్తుంది. ఆ రోజుల్లో కష్టమైన పాటలను బలంతో లాగకపోతే చాలు.

గురువుగా పిల్లల్లో ఏం గమనించాలి?

మీ విద్యార్థి గొంతును ప్రతివారం వినేది మీరు. అందరికంటే ముందు మీరే పట్టుకోగలరు. పాఠం మొదట్లో ఒక పంక్తిని పై శృతిలో మెల్లగా పాడించండి. మెడనరాలు తేలుతున్నాయా, గడ్డం పైకి లేస్తోందా, మెల్లగా పాడమంటే తప్పించుకుని గట్టిగా అందుకుంటోందా చూడండి. ఆ తప్పించుకోవడం చాలాసార్లు అల్లరి కాదు, రావడం లేదని చెప్పలేకపోవడం. పన్నెండు, పద్నాలుగేళ్ల మగపిల్లల గొంతు మారే కాలంలో పాత శృతినే పట్టుకు వేలాడొద్దు, వాళ్లకు హాయిగా ఉన్నచోట పాడనివ్వండి.

‘ఇంకా గట్టిగా, ఇంకా’ అనే ముందు ఒక్కసారి ఆ పిల్ల నిన్న ఎంతసేపు పాడిందో అడగండి. గొంతు బాగాలేదని చెబితే తిట్టే చోట ఏ పిల్లా నిజం చెప్పదు.

రేపే కార్యక్రమం. గొంతు బాగాలేదు. పాడొచ్చా?

మెల్లగా పాడే పరీక్ష చేయండి. కప్పు కాస్తే దిగితే శృతి తగ్గించుకుని, కష్టమైన పాటలు తీసేసి పాడొచ్చు. మామూలు పాటల పరిధిలో కూడా మెల్లటి స్వరం పలకకపోతే, లేదా గొంతు ఉన్నట్టుండి మారి ఉంటే, పాడొద్దు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుని ఎక్కేస్తాననేవాళ్లున్నారు. తంత్రులను చూడకుండా ఆ పని చేయించుకోవడం ప్రమాదం. లోపల రక్తస్రావం ఉంటే ఆ పాట చాలా ఖరీదవుతుంది.

ఆపరేషన్ అంటే గొంతు పోయినట్టేనా?

కాదు. ఇప్పుడు సూక్ష్మదర్శిని కింద, పైపొరను కాపాడుకుంటూ చేస్తారు, చేయించుకుని తిరిగి పాడుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు. అలాగని పూచీ ఎవరూ ఇవ్వలేరు. 1997లో జరిగిన శస్త్రచికిత్స తర్వాత బ్రిటిష్ గాయని, నటి జూలీ ఆండ్రూస్‌కు పాత గొంతు తిరిగి రాలేదు. పాడేవాళ్ల గొంతులు తరచుగా చూసే సర్జన్‌ను ఎంచుకోండి, వీలైతే రెండో అభిప్రాయం తీసుకోండి. ముందూ తర్వాతా వాయిస్ థెరపీ తప్పనిసరి అనుకోండి. వాపు తెచ్చిన అలవాట్లు మారకపోతే అది మళ్లీ వస్తుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఏం సిద్ధం చేసుకోవాలి?

కప్పు రాసుకున్న పుస్తకం, గొంతు బాగున్నప్పటి రికార్డింగ్ ఒకటి, ఇప్పటిది ఒకటి, వాడుతున్న మందుల పేర్లు. రెండు రికార్డింగుల్లోనూ అదే పంక్తి, అదే శృతి ఉంటే మంచిది. రోజుకు ఎంత పాడతారో, ఎంత మాట్లాడతారో దాచకుండా చెప్పండి. పాడేవాళ్ల కోసమే 36 ప్రశ్నలతో తయారైన సింగింగ్ వాయిస్ హ్యాండిక్యాప్ ఇండెక్స్ అనే పత్రం ఉంది, ఇస్తే తీరిగ్గా నింపండి. ‘గొంతు బాలేదు’ అని ఊరుకోకుండా ఏ స్వరం దగ్గర, మెల్లగానా గట్టిగానా, ఎత్తుకునేటప్పుడా నిలిపేటప్పుడా అన్నది చెప్పండి. పాడి చూపించమని అడక్కపోతే మీరే అడిగి పాడండి.